నాలుగు మైక్రాన్లు

ముక్కను మైనంలో కూర్చోబెట్టడం నా పని.
దంత కళాశాల, మూడో అంతస్తు, వెనక గది.
కిటికీ తీస్తే ఉప్పుగాలికి కటకాలు బూజు పడతాయి,
మూస్తే జైలీన్ వాసనకు తల పట్టేస్తుంది.
ఇరవై ఆరేళ్లుగా
సగం తీసి, సగం మూసి ఉంచుతున్నాను.

బ్లేడు అంచు నుంచి రిబ్బను జారుతుంది,
నాలుగు మైక్రాన్ల మందం.
ఊపిరి గట్టిగా వదిలితే ఎగిరిపోతుంది.
గోరువెచ్చని నీళ్ల మీద వాలి
పాల మీద మీగడలా తనే సర్దుకుంటుంది.
అప్పుడు గాజుపలక కిందికి పోనిచ్చి
మెల్లగా ఎత్తుకోవాలి.
ఇది ఏ పుస్తకంలోనూ లేదు, మణికట్టులో ఉంది.

ఆ రోజు ముక్క నంబరు నూట పద్దెనిమిది.
అంగిలి. స్త్రీ. అరవై రెండు.
పెదజాలారిపేట.
అలవాటు: అడ్డపొగ, నలభై ఏళ్లు,
రోజుకు నాలుగు చుట్టలు.
ఫారం నింపింది డాక్టర్ తేజోవతి,
పీజీ రెండో ఏడు, నరసరావుపేట పిల్ల.
నిప్పు నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం
ఈ ఊరొచ్చాకే చూసిందట.
ఎన్నేళ్లు, ఎన్ని, ఎంతసేపు, అన్నిటికీ గళ్లున్నాయి.
ఎందుకు అనే గడి లేదు.

వారం తిరక్కుండా ఆ ముక్క తాలూకు మనిషే వచ్చింది.
గరికిన పోలమ్మ.
చేపల గంప మెట్ల కింద దించి,
గార్డు వద్దంటున్నా పైకెక్కి,
"నా నోట్లోంచి కోసింది ఏటి సేసినారు?
ఒకపాలి సూపించండి. నాది కాదేటి?"

తేజోవతి నా వైపు చూసింది.
రూల్సులో ఏముందో నాకు తెలీదు.
స్టూలు తుడిచి వేశాను.

సూక్ష్మదర్శినికి తగిలించిన పాత టీవీ,
దాని మీద గులాబీ పొలం, ఊదా చుక్కలు.
పోలమ్మ ముందు కొంగుతో తెర తుడిచింది.
తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు.
సముద్రంలా ఉందనో, పూలలా ఉందనో అనుంటే
నేనిది రాసేవాణ్ని కాదు.
"సిరిగిపోతన్న వల," అంది.
"ఈ పక్కన సూడు, కన్నులు సిన్నయి, వరసగున్నాయి.
ఇక్కడకొచ్చీసరికి పెద్దయిపోనాయి,
ఒకదానికొకటి పొంతన్నేదు.
ఇలగొదిలేస్తే ఇంకో యేటకి ఆగదు."

ఆమె వేలు ఆగిన చోటే
తేజోవతి తన గైడుతో రెండు రోజులు వాదించింది:
మధ్యస్థమా, తీవ్రమా.
తేజోవతి కుర్చీ లాక్కుని కూర్చుంది.
ఆ గదిలో ఒక డాక్టరు రోగి ముందు
కింద ఎత్తులో కూర్చోవడం
నేను మొదటిసారి చూశాను.

"మరి నిప్పు లోపలికెందుకు పెట్టుకుంటావమ్మా?"

పోలమ్మ నవ్వింది. కింద రెండు పళ్లు, పైన ఒకటి.
"తెప్పలొచ్చీదాకా ఒడ్డునే నిలబడాల కదా.
బైట నిప్పుంటే గాలి తాగెస్తాది.
లోపలుంటే నాను తాగుతాను."

ఫారం వెనక ఖాళీగా ఉంది.
తేజోవతి ఆ రెండు వాక్యాలూ యాసతో సహా రాసుకుంది.
వ్యాసం అచ్చయినప్పుడు వాటిని తీసేశారు.
పట్టికలో పోలమ్మ, నూట నలభై మందిలో ఒక గీత.
కృతజ్ఞతల్లో నా పేరు సన్యాసినాయుడు,
ఒక అక్షరం తగ్గి సన్యానాయుడు.

అంగిలికి కోత పడింది. గంటన్నర.
ఆ ముక్కనూ నేనే కోశాను.
అంచుల్లో కన్నులు చిన్నవే, వరసగానే.
రెండుసార్లు చూశాను. మూడోసారి తేజోవతిని పిలిచాను.

కొత్త బ్యాచీలకు ఇప్పుడు మొదట నూట పద్దెనిమిదే చూపిస్తాను.
ఒకబ్బాయి పరీక్షలో 'తెగిన వల' అని రాస్తే
అర మార్కు కొట్టేశారు.

మొన్న తనిఖీకి వచ్చింది పోలమ్మ.
పూర్తిగా మానాలని తేజోవతి కోప్పడింది.
"రోజుకొకటే, బావూ," అంది నాతో, గంప ఎత్తించుకుంటూ,
"అదీ నిప్పు బైటికే పెడతన్నాను.
సగం గాలికి పోతంది.
పోనీ, అదీ ఒడ్డునే ఉంటాది కదా."